ఈఈజీ టెక్నీషియన్ కావాలంటే: గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు మన పిల్లలకు దారి

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారం నుంచి నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "అక్కా, న్యూరో టెక్నీషియన్ కోర్సంట, మా చెల్లిని చేర్చమంటావా? ఎక్కడ బాగుంటుంది? ఉద్యోగం వస్తుందా?" పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, బరంపురం నుంచి, ఈమధ్య జయపురం నుంచి కూడా. అన్నీ ఒడిశాలోని మన తెలుగువాళ్ల ఇళ్లే. ఒక్కొక్కరితో అరగంట మాట్లాడినా ఏదో ఒకటి చెప్పడం మరిచిపోతున్నాను. అందుకే వరుసగా రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి.

పని ఏమిటో రెండు మాటల్లో: మెదడు, నరాలు, కండరాల్లో పుట్టే కరెంటును యంత్రంతో రికార్డు చేసి డాక్టర్‌కి ఇవ్వడం. ఈఈజీ మెదడుకి, ఎన్‌సీవీ నరాలకి, ఈఎంజీ కండరాలకి. చూపు, వినికిడి దారులకు ఇవోక్డ్ పొటెన్షియల్స్ ఉంటాయి, నిద్రకు స్లీప్ స్టడీ. మెదడు, వెన్నుపూస ఆపరేషన్లు జరుగుతుంటే థియేటర్లోనే నరాలను కనిపెట్టి చూసే పని కూడా ఉంది. ఈఎంజీలో కండరంలోకి సూది గుచ్చేది డాక్టరు, పక్కన సాయం మనది. రిపోర్టు రాసేదీ డాక్టరే. కానీ మనం చెడ్డ రికార్డు ఇస్తే ఎంత గొప్ప న్యూరాలజిస్టయినా మంచి రిపోర్టు రాయలేరు.

నేను అందరికీ చెప్పేది ఒకటే. యంత్రం మీట నొక్కడం రెండు రోజుల్లో వస్తుంది. టేపు పట్టి తల కొలవడం, చర్మం శుభ్రం చేయడం, ఎలక్ట్రోడ్ (ఆ కరెంటును పట్టే చిన్న లోహపు బిళ్ల) నిలబెట్టడం, భయపడుతున్న పేషంటును కుదుట పరచడం మాత్రం చేతికి అలవాటు కావాలి. అవి చేయనిచ్చే చోటే చేరండి.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- సైన్స్‌తో ప్లస్ టూ లేదా ఇంటర్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే ఎక్కువ దారులు తెరుచుకుంటాయి.
- పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, రెసిడెంట్ సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం.
- సెంటీమీటర్లు ఉన్న టైలర్ టేపు, కాటుక పెన్సిల్, నోటు పుస్తకం. ఇవి ఎందుకో అయిదో మెట్టులో చెబుతాను.
- తెలుగు, ఒడియా, హిందీ. మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఆస్తి ఇది. తక్కువగా చూడకండి.

1. చేరే ముందు ఒక పూట చూసి రండి

న్యూరాలజీ విభాగం ఉన్న ఆస్పత్రికి వెళ్లి, ఈఈజీ గది ఇన్‌ఛార్జిని అడిగి ఒక పూట కూర్చోండి. మనవైపు వాళ్లకు అందుబాటులో బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, విశాఖలో కేజీహెచ్ ఉంది. పెద్ద ప్రైవేటు ఆస్పత్రులూ ఉన్నాయి. పేషంటు ఒప్పుకుంటేనే లోపల ఉండనిస్తారు. ఫోన్ బయట పెట్టి వెళ్లండి.

అక్కడ చూడవలసింది స్క్రీను కాదు, టెక్నీషియన్ చేతులు. ఏడుస్తున్న రెండేళ్ల పాపకు ఎలక్ట్రోడ్లు ఎలా పెడుతున్నారు? ఫిట్స్ వచ్చిన మనిషి మూత్రం పోసుకుంటే ఎవరు తుడుస్తున్నారు? ఆ పూట అయ్యాక కూడా మీకు ఈ పని మీద ఇష్టం మిగిలితే రెండో మెట్టు ఎక్కండి. రక్తం, సూదులు చూస్తే టెన్షన్ పడేవాళ్లకు ఈఈజీ ఫర్వాలేదు, ఎన్‌సీవీ గదిలో మాత్రం కొంత కష్టం.

2. కాగితాలు సరిచేసుకోండి, ఇప్పుడే

సరిహద్దు పిల్లలు సీటు పోగొట్టుకునేది మార్కుల వల్ల కంటే కాగితాల వల్లే ఎక్కువని నాకనిపిస్తుంది. మూడు చోట్ల దెబ్బ తగులుతుంది.

మొదటిది పేరు. మన ఇంటిపేరు మొదట వస్తుంది. ఒడిశా స్కూల్లో దాన్ని చివరికి తోస్తారు. ఆధార్‌లో ఒక రకం, మార్కుల లిస్టులో ఇంకో రకం, తండ్రి పేరులో "రావు" ఒకచోట ఉండి ఇంకోచోట ఉండదు. అన్నీ ఒక టేబుల్ మీద పరిచి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించండి. కౌన్సెలింగ్ రోజు అఫిడవిట్ కోసం పరుగెత్తే పరిస్థితి తెచ్చుకోవద్దు.

రెండోది స్థానికత. ఆంధ్రాలో సీట్లకు స్థానికులు ఎవరన్నది ప్రధానంగా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి ఉంటుంది. అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్నది మూల సూత్రం. ఇల్లు పర్లాకిమిడిలో ఉన్నా, బడి, ఇంటర్ పాతపట్నంలోనో ఇచ్ఛాపురంలోనో చదివిన పిల్లలు తమ స్టడీ సర్టిఫికెట్లు దాచుకోవాలి. ఒడిశాలోనే చదివినవాళ్లు ఆంధ్రాలో స్థానికేతరులు. వాళ్లకు మిగిలేది షరతులకు సరిపోతే ఓపెన్ వాటా, మేనేజ్‌మెంట్ సీటు, లేదా ఒడిశా, కేంద్ర సంస్థలు. తెలుగువాళ్లం కదా అని ఆంధ్రా కోటా రాదు.

మూడోది కులం. కులాల జాబితా రాష్ట్రానికో రకం. ఒడిశాలో తీసుకున్న పత్రంతో ఆంధ్రా రాష్ట్ర కోటా అడగడానికి వీలుండదు. కేంద్ర సంస్థలకు మాత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో తహసీల్దారు ఇచ్చిన పత్రం పనికొస్తుంది, మీ కులం కేంద్ర జాబితాలో ఒడిశా కింద ఉంటే. ఓబీసీ వాళ్లు నాన్ క్రీమీలేయర్ పత్రం ఏ ఏడాదికి కావాలో చదువుకుని తాజాగా తీయించుకోండి.

3. కోర్సు ఎంచుకోవడం

ఇక్కడ ఒక గీత గీసి చెబుతాను. 2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఈఈజీ, ఈఎంజీ, న్యూరో ల్యాబ్, స్లీప్ ల్యాబ్ టెక్నాలజిస్టులు ఆ చట్టం జాబితాలో ఉన్నారు. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కోర్సు కనీసం 2,000 గంటలు, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవడానికి 3,600 గంటలు, మూడు నుంచి ఆరేళ్లు. కాబట్టి "ఆరు నెలల్లో న్యూరో టెక్నీషియన్, నూరు శాతం ప్లేస్‌మెంట్" అని పాంప్లెట్ పంచేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. గంటల లెక్క అక్కడే తప్పింది.

నేను వెళ్లాను. ప్లస్ టూ అయ్యాక ఒక ఊళ్లో ఒక సెంటర్‌లో చేరి ఏడాది పోగొట్టుకున్నాను. అమ్మ పుస్తెల తాడు తాకట్టు పెట్టి కట్టిన ఫీజు అది. గదిలో ఈఈజీ మిషన్ ఉండేది, దాని మీద ఎర్ర గుడ్డ కప్పి ఉండేది. తనిఖీ వచ్చిన రోజు తప్ప ఆ గుడ్డ తీయలేదు. ఏడాదిలో నేను ఒక్క తల కొలవలేదు. ఆ కాగితం ఏ ఆస్పత్రిలోనూ చెల్లలేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను.

మంచి పేరున్న చోట్లలో బెంగళూరు నిమ్హాన్స్ ఒకటి. క్లినికల్ న్యూరోఫిజియాలజీ టెక్నాలజీలో కోర్సు నడిపిన సంస్థ, ప్రవేశ పరీక్ష ఉంటుంది. త్రివేండ్రంలో శ్రీచిత్ర సంస్థ న్యూరోటెక్నాలజీ డిప్లొమాకు పేరున్నది. రెండూ కేంద్ర సంస్థలు, వేరే రాష్ట్రాలవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు. సీట్లు తక్కువ, అర్హత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆ ఏడాది నోటిఫికేషన్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవండి. బెంగళూరు దూరమని భయపడే తల్లిదండ్రులకు ఒక మాట: భువనేశ్వర్ నుంచి వచ్చే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ బరంపురంలో ఎక్కితే నేరుగా బెంగళూరులో దిగుతారు.

అవి రాకపోతే ఒడిశా, ఆంధ్రా, తెలంగాణల్లోని మెడికల్ కాలేజీల పారామెడికల్ కోర్సులు చూడండి. అక్కడ కోర్సు పేరు న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ అని, న్యూరో టెక్నాలజీ అని, ఈఈజీ టెక్నీషియన్ అని రకరకాలుగా ఉంటుంది. పేరు చూసి మోసపోవద్దు, సిలబస్ అడగండి.

ఇంకో దారి కూడా ఉంది. బీఎస్సీ నర్సింగ్, ఫిజియాలజీ, బయోమెడికల్ ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు ఆస్పత్రిలో చేరి ఈఈజీ నేర్చుకున్న ఉదాహరణలు చాలా ఉన్నాయి. పని వస్తుంది. కానీ ముందు ముందు రిజిస్ట్రేషన్ అడిగే రోజుల్లో గుర్తింపు ఉన్న డిప్లొమా లేకపోతే ఇబ్బంది పడతారు.

4. ఫీజు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి

మొహమాటం వద్దు. కాగితం మీద రాసుకుని వెళ్లండి.

- డిగ్రీ లేదా డిప్లొమా ఇచ్చేది ఏ యూనివర్సిటీ, ఏ బోర్డు? ఈ ఏడాది అనుమతి పత్రం చూపిస్తారా?
- రోజుకు ఎన్ని ఈఈజీలు, ఎన్ని ఎన్‌సీవీలు జరుగుతాయి? వీడియో ఈఈజీ ఉందా?
- విద్యార్థి పేషంటు మీద చేయి వేసేది ఏ నెల నుంచి?
- పోయిన బ్యాచ్ విద్యార్థి లాగ్‌బుక్ (చేసిన పరీక్షలు రాసుకునే పుస్తకం) ఒకటి చూడొచ్చా?
- నేర్పేది ఎవరు? న్యూరాలజిస్టు రోజూ రిపోర్టింగ్‌కి కూర్చుంటారా? విద్యార్థుల్ని పక్కన కూర్చోనిస్తారా?

చివరి ప్రశ్నే అన్నిటికంటే విలువైనది. మనం తీసిన రికార్డును డాక్టరు చదువుతుంటే పక్కన కూర్చుని, "ఇది మెదడు కాదమ్మా, నువ్వు పెట్టిన ఎలక్ట్రోడ్ వదులు" అనిపించుకుంటేనే ఈ పని వస్తుంది.

జవాబులు నోటితో చెప్పి కాగితం చూపించకపోతే లేచి రండి. "ఇవాళే కడితే డిస్కౌంట్" అన్నా లేచి రండి.

5. ఇంట్లోనే తల కొలవడం నేర్చుకోండి

సీటు వచ్చేలోపు ఖాళీగా కూర్చోవద్దు. 1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రచురించిన 10-20 పద్ధతినే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతుంది. తల ఎంత పెద్దదైనా చిన్నదైనా కొలతలో 10 శాతం, 20 శాతం దూరాల్లో ఎలక్ట్రోడ్లు పెడతారు కాబట్టి ఆ పేరు. నేను మా పిన్ని తల మీద నేర్చుకున్నాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది, నేను వెనక నిలబడి కాటుక పెన్సిల్‌తో చుక్కలు పెట్టేదాన్ని.

మొదట ముక్కు మొదలులో, కనుబొమల మధ్య ఉండే గుంట పట్టుకోండి. అది నేజియన్. తల వెనక, మెడ పైన వేలితో నిమిరితే బొడిపె తగులుతుంది. అది ఇనియన్. దొరక్కపోతే తల కొంచెం పైకెత్తించి మళ్లీ నిమరండి. ఈ రెంటి మధ్య నడినెత్తి మీదుగా కొలవండి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 10 శాతం అంటే 3.6, 20 శాతం అంటే 7.2. ఇక వచ్చేవి ఎలక్ట్రోడ్లు పెట్టే చోట్ల పేర్లు. నేజియన్ నుంచి 3.6 దగ్గర ఎఫ్‌పీజెడ్, 10.8 దగ్గర ఎఫ్‌జెడ్, 18 దగ్గర సీజెడ్, 25.2 దగ్గర పీజెడ్, 32.4 దగ్గర ఓజెడ్. అక్కడి నుంచి ఇనియన్‌కి మళ్లీ 3.6 మిగలాలి. మిగలకపోతే ఎక్కడో తప్పారు.

తర్వాత చెవి ముందు, నోరు తెరిస్తే గుంట పడే చోటు నుంచి అవతలి చెవి ముందు అలాంటి చోటు దాకా, సీజెడ్ మీదుగా కొలవండి. 35 వచ్చిందనుకోండి. ఎడమ నుంచి 3.5 దగ్గర టీ3, 10.5 దగ్గర సీ3, 17.5 దగ్గర సీజెడ్, 24.5 దగ్గర సీ4, 31.5 దగ్గర టీ4. సీజెడ్ రెండు కొలతల్లోనూ సరిగ్గా సగంలో పడాలి. టీ3, టీ4లను కొత్త పుస్తకాల్లో టీ7, టీ8 అంటారు, కంగారు పడకండి.

మూడోది చుట్టుకొలత. ఎఫ్‌పీజెడ్, టీ3, ఓజెడ్, టీ4 మీదుగా తల చుట్టూ టేపు తిప్పండి. 54 వచ్చిందంటే, ఎఫ్‌పీజెడ్‌కి ఎడమ పక్క 2.7 దగ్గర ఎఫ్‌పీ1. అక్కడి నుంచి 5.4 చొప్పున ఎఫ్7, టీ3, టీ5, ఓ1. కుడి పక్క కూడా అంతే. ఎడమకు బేసి అంకెలు, కుడికి సరి అంకెలు, నడుమ జెడ్. మిగిలిన ఎఫ్3, పీ3 వంటివి పక్క ఎలక్ట్రోడ్ల మధ్య సగంలో పడతాయి.

సరిచూసుకునేది ఇలా. టీ3 రెండుసార్లు వచ్చింది కదా, చెవి కొలతలో ఒకసారి, చుట్టుకొలతలో ఒకసారి. రెండు చుక్కలూ ఒకచోట పడితే మీ చేయి కుదిరింది. సెంటీమీటరు ఎడం వస్తే టేపు పక్కకు జరిగింది, మళ్లీ కొలవండి. ఆ తర్వాత ఎడమ చుక్కల మధ్య దూరాలు, కుడి చుక్కల మధ్య దూరాలు పోల్చండి. అర సెంటీమీటరుకి మించి తేడా ఉండకూడదు. ఇరవై తలలు కొలిచి నోటు పుస్తకంలో రాసుకోండి. టైలర్ టేపు పాతబడితే సాగుతుంది, నెలకోసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూసుకోండి.

కంటికొలతతో పెట్టేవాళ్లను చూస్తారు. సీనియర్లే చెబుతారు, "ఇంత కొలత ఎందుకమ్మా, పదిమంది బయట ఉన్నారు" అని. వినకండి. ఒక పక్క ఎలక్ట్రోడ్లు దగ్గరగా, ఇంకో పక్క ఎడంగా పెడితే బాగున్న మెదడులో కూడా రెండు పక్కల తేడా కనిపిస్తుంది. ఆ తేడా చూసి అవసరం లేని స్కానింగ్ రాస్తే ఖర్చు పేషంటుది.

6. ట్రైనింగ్‌లో చేతికి రావలసినవి, మనవాళ్లు చేసే తప్పులు

పేషంటును ముందురోజే తయారు చేయించాలి. మనవైపు నుంచి వచ్చేవాళ్లు తలకు కొబ్బరినూనె రాసి, జడ వేసి, పూలు పెట్టి వస్తారు. ఆస్పత్రికి పోతున్నాం కదా, చక్కగా పోవాలని. నూనె ఉంటే ఎలక్ట్రోడ్ పట్టదు. పైగా రక్తపరీక్ష అనుకుని ఏమీ తినకుండా వస్తారు. కాబట్టి అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పుడే చెప్పండి: షాంపూతో తలస్నానం, నూనె వద్దు, టిఫిన్ తినాలి, డాక్టరు ఆపమంటే తప్ప ఫిట్స్ మందు ఆపకూడదు. నిద్రలో ఈఈజీ కావాలంటే రాత్రి ఎంతసేపు మేలుకోవాలో స్పష్టంగా చెప్పాలి. ఆడవాళ్ల జడ విప్పే ముందు అడిగి విప్పండి, ఇంటివాళ్లలో ఒక ఆడమనిషిని పక్కన ఉంచండి.

గుణుపురం, గజపతి కొండల నుంచి వచ్చే సవర అవ్వలకు చెవితమ్మెలు సాగి ఉంటాయి. పెద్ద చెక్క బిళ్లలు పెట్టుకున్న చెవులవి. చెవికి పెట్టాల్సిన క్లిప్పు అక్కడ నిలవదు. బలవంతం చేయకండి, నగ తీయమని కసరకండి. చెవి వెనక ఎముక మీద పెట్టి, అలా పెట్టానని రికార్డులో రాయండి.

చర్మం శుభ్రం చేసేటప్పుడు జుట్టు పాయ తీసి, ప్రెప్ జెల్‌తో మెల్లగా రుద్దండి. రక్తం వచ్చేలా రుద్దకూడదు. పేస్టు పెసరగింజంత చాలు. ఎక్కువ పెడితే రెండు ఎలక్ట్రోడ్ల పేస్టు కలిసిపోయి ఆ చానల్ చదునుగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి మెదడు జబ్బు అనుకుంటారు.

ఇంపీడెన్స్, అంటే చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటుకు తగిలే అడ్డు, మాకు 5 కిలో ఓమ్‌ల లోపు ఉండాలని నేర్పారు. ఇప్పటి మార్గదర్శకాలు 10 వరకు ఒప్పుకుంటాయి. అన్నీ దాదాపు సమానంగా ఉండటం ముఖ్యం. ఒక్కటే 30 చూపిస్తుంటే అందులోకి కరెంటు లైను 50 హెర్ట్జ్ గీత దూరుతుంది. అప్పుడు ఆ గీతను చెరిపేసే నాచ్ ఫిల్టర్ నొక్కి దాచేయడం పెద్ద తప్పు. లేచి వెళ్లి ఆ ఎలక్ట్రోడ్ సరిచేయండి. అయినా పోకపోతే ఫోన్ ఛార్జర్లు, మంచం మోటారు, ఎర్తింగ్ చూడండి. ఇలాగే కండరం గీతలు ఎక్కువగా ఉన్నాయని, వేగంగా కదిలే గీతల్ని కోసేసే హై ఫిల్టర్‌ను 70 హెర్ట్జ్ నుంచి 15కి దించేస్తారు. గీతలు నున్నగా అందంగా కనిపిస్తాయి, అసలు పట్టుకోవలసిన స్పైక్, అంటే ఫిట్స్ జబ్బును సూచించే మొనదేలిన గీత, మొద్దుబారిపోతుంది. పేషంటు దవడ వదులు చేయించండి, దిండు సరిచేయండి, నోరు కొంచెం తెరవమనండి. బరంపురం ఉక్కపోతలో చెమట వల్ల గీతలన్నీ నిదానంగా పైకీ కిందికీ ఊగుతాయి. ఏసీ వేసి నుదురు తుడిస్తే తగ్గుతుంది.

ప్లగ్గులు తారుమారు అయ్యాయేమో రికార్డింగ్ మొదలుపెట్టే ముందే చూసుకోవాలి. ఎఫ్‌పీ1ని వేలితో మెల్లగా తట్టండి, స్క్రీను మీద ఎఫ్‌పీ1 చానలే కదలాలి. ఓ2ని తట్టితే ఓ2. పది సెకన్ల పని. ఎడమ కుడి మారిన రికార్డును తర్వాత ఎవరూ పట్టుకోలేరు.

రికార్డింగ్‌లో మంచిగా వచ్చిన భాగం కనీసం 20 నిమిషాలు ఉండాలి. కళ్లు మూయించి, తెరిపించి, మళ్లీ మూయించాలి. కళ్లు మూస్తే తల వెనక చానళ్లలో 8 నుంచి 13 హెర్ట్జ్ ఉండే ఆల్ఫా అల వస్తుంది, తెరిస్తే తగ్గుతుంది. పెద్దవాళ్లలో అది చక్కగా కనిపిస్తే మీ పని సాఫీగా నడుస్తున్నట్టు. పాప ఏడ్చింది, తాత దగ్గాడు, తల్లి చేయి పట్టుకుంది, నిద్ర పట్టింది: ఏది జరిగినా ఆ క్షణంలోనే టైపు చేయండి. ఆ నోట్లు లేని రికార్డు డాక్టరుకు సగం గుడ్డిది.

ఆ తర్వాత మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదిలించడం ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త. ఒడిశా గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఎక్కువ. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు రక్తనాళాలు సన్నబడతాయి, సికిల్ సెల్ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఈమధ్య పక్షవాతం, మెదడులో రక్తస్రావం, గుండెపోటు వచ్చినవాళ్లకు, తీవ్రమైన ఆయాసం ఉన్నవాళ్లకు కూడా చేయించకూడదు. మనవైపు పేషంటు ఎవరొచ్చినా సికిల్ సెల్ కార్డు ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడగండి. అనుమానముంటే ఆపి డాక్టరును అడగండి. చేయలేదని, ఎందుకు చేయలేదని రాస్తే అది తప్పు కాదు.

ఎన్‌సీవీలో రెండే మాటలు చెబుతాను. మోచేయి దగ్గర, మణికట్టు దగ్గర నరానికి కరెంటు ఇచ్చి, మధ్య దూరాన్ని కాలం తేడాతో భాగించాలి. దూరం 240 మిల్లీమీటర్లు, సమయాలు 7.8, 3.6 మిల్లీసెకన్లు అయితే, 240ని 4.2తో భాగిస్తే సుమారు 57 మీటర్లు సెకనుకు. టేపు ఒక సెంటీమీటరు తప్పితే జవాబు రెండు మీటర్లకు పైగా మారుతుంది. రెండోది చలి. డిసెంబరులో కోరాపుట్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చినవాళ్ల చేతులు మంచుగడ్డల్లా ఉంటాయి. చర్మం 32 డిగ్రీల కంటే చల్లగా ఉంటే నరం నెమ్మదిస్తుంది, ఒక్కో డిగ్రీకి సుమారు రెండు మీటర్లు. గోరువెచ్చని నీళ్లతో చేతులు వేడి చేసి మళ్లీ చూడండి. లేని నరాల జబ్బును అంటగట్టకండి.

7. రికార్డింగ్ మధ్యలో ఫిట్స్ వస్తే

కోర్సు మొదటి నెలలోనే దీన్ని ఒకరినొకరు పేషంటుగా పెట్టుకుని ప్రాక్టీసు చేయండి. నిజంగా జరిగినప్పుడు ఆలోచించే సమయం ఉండదు.

రికార్డింగ్ ఆపవద్దు. డాక్టరు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. బెల్ కొట్టి నర్సును పిలవండి, సమయం గట్టిగా పైకి చెప్పి టైపు చేయండి. పేషంటును ఒక పక్కకు తిప్పండి, మంచం పక్క కమ్మీలు పైకెత్తండి, కెమెరాకు అడ్డం నిలబడకండి. పేరు అడగండి. చేయి ఎత్తమనండి. గుర్తుంచుకోమని ఒక మాట చెప్పండి, "మామిడి" అనో, ఒడియా వాళ్లయితే "ఆంబ" అనో. తేరుకున్నాక ఏం మాట చెప్పానని అడిగి జవాబు రాయండి. కాళ్లు చేతులు బలంగా అదిమిపెట్టకూడదు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ పెట్టకూడదు. ఇంటివాళ్లు తాళాల గుత్తి చేతిలో పెట్టబోతారు, ఉల్లిపాయ నలిపి ముక్కు దగ్గర పెడతారు. కసరకండి, "అమ్మా, ఇప్పుడు ఏమీ వద్దు, నేను చూసుకుంటాను" అని చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లండి. అయిదు నిమిషాలు దాటితే ఎమర్జెన్సీ, డాక్టరు అక్కడ ఉండి తీరాలి.

8. లాగ్‌బుక్, ఆ తర్వాత ఉద్యోగం

మొదటి రోజు నుంచి సొంత లాగ్‌బుక్ రాయండి. పేషంటు పేరు రాయకూడదు. వయసు, పరీక్ష, ఏం ఇబ్బంది వచ్చింది, ఎలా సరిచేశాను, డాక్టరు ఏమన్నారు, అంతే. కోర్సు అయ్యేసరికి నూటయాభై, రెండొందల ఈఈజీలు మీ చేత్తో తీసినవి ఉంటే ఇంటర్వ్యూలో ఆ పుస్తకమే మాట్లాడుతుంది. చాలాచోట్ల తల మీద కొలిచి చూపించమంటారు కూడా.

మొదటి ఏడాది జీతం తక్కువే, ముందే తెలుసుకుని వెళ్లండి. విశాఖ, భువనేశ్వర్, హైదరాబాద్‌లలో అవకాశాలు ఎక్కువ. ఒకే పరీక్ష వచ్చినవాళ్లకంటే ఈఈజీ, ఎన్‌సీవీ, ఇవోక్డ్ మూడూ వచ్చినవాళ్లు త్వరగా ఎదుగుతారు. ఆపరేషన్ థియేటర్ మానిటరింగ్ నేర్చుకుంటే ఇంకా మేలు. వీడియో ఈఈజీ, స్లీప్ ల్యాబ్‌లో రాత్రి డ్యూటీలు ఉంటాయి. అమ్మాయిని పంపే ఇంట్లో ఈ మాట ముందే మాట్లాడుకోండి, ఆస్పత్రిలో హాస్టలు ఉందా, రాత్రి దింపే వాహనం ఉందా అని అడగండి. అమెరికా వైపు చూసేవాళ్లకు, ఈ పనికి అక్కడ సర్టిఫికెట్ ఇచ్చే ఆబ్రెట్ సంస్థ పరీక్షలు ఉంటాయి, అది రెండు మూడేళ్ల అనుభవం తర్వాతి మాట.

ఉద్యోగంలో మొదటి వారమే మీకొక కష్టం వస్తుంది. మన ఊరి మనిషి ఎవరో బిడ్డను తీసుకొస్తారు. పరీక్ష అయిపోగానే చేయి పట్టుకుని, "తల్లీ, నువ్వు మనవాళ్ల పిల్లవే కదా, ఏముందో చెప్పు" అంటారు. చెప్పకండి. "బాగానే ఉంది" అని కూడా అనకండి. ఈఈజీ మామూలుగా వచ్చినా ఫిట్స్ జబ్బు ఉండొచ్చు, ఆ ఒక్క మాట విని మందు ఆపేస్తారు. బిడ్డ తలకు అంటిన పేస్టు గోరువెచ్చని నీళ్లతో తుడిచి, జడ వేయడానికి సాయం చేస్తూ, "రికార్డు బాగా వచ్చింది పెద్దమ్మా, డాక్టర్ గారు చూసి చెబుతారు, అప్పటిదాకా మందు ఆపకండి" అనండి. ఒడియాలో అయితే "డాక్టర్ బాబు దేఖి కహిబె, డరంతు నాహిఁ." రిపోర్టు ఏ రోజు, ఏ గదిలో, ఎన్ని గంటలకు ఇస్తారో చీటీ మీద రాసి చేతికివ్వండి. వాళ్లు గుణుపురం పాసింజరు పట్టుకోవాలి.